‘అస్సలు లేదు’ అంటే సున్నానా?

పోయిన సెమిస్టర్‌లో మా టీమ్ నలుగురం మినీ ప్రాజెక్టుగా ఒక వెబ్ యాప్ చేశాం. డిప్రెషన్ లక్షణాలు ఉన్నాయేమో ప్రాథమికంగా చూసే తొమ్మిది ప్రశ్నల ఫారం, తెలుగులో. కోడ్ రాయడానికి మూడు రోజులు పట్టింది. ప్రశ్నల్ని తెలుగు చేయడానికి మాత్రం పావుగంటే. ఒక ఆన్‌లైన్ అనువాద యంత్రంలో పేస్ట్ చేశాం, వచ్చింది తెచ్చి పెట్టుకున్నాం. డేటాబేస్, డాష్‌బోర్డ్, రంగుల గ్రాఫ్ అన్నీ చక్కగా పనిచేశాయి. సెలవులకు మా ఊరు పెద్దదోర్నాల వెళ్లినప్పుడు మొదటి యూజర్‌గా మా అవ్వను కూర్చోబెట్టాను.

నిద్ర ప్రశ్న వచ్చింది. చదివి వినిపించాను. “గత రెండు వారాల్లో నిద్ర పట్టకపోవడం. అస్సలు లేదు, కొన్ని రోజులు, సగం కంటే ఎక్కువ రోజులు, దాదాపు ప్రతిరోజూ. ఏది అవ్వా?”

అవ్వ ఆలోచించకుండానే చెప్పింది. “అస్సల్లేదు నాయనా. తెల్లార్లూ మేలుకునే ఉంటా.”

నేను మొదటి మాట విన్నాను, ‘అస్సలు లేదు’ నొక్కాను. రెండో మాట వినలేదు. యాప్ ఆ ప్రశ్నకు సున్నా వేసింది. చివర్లో 27కి 3 వచ్చి, ఆకుపచ్చ రంగులో “మీరు బాగున్నారు” అని చూపించింది. ఆ రాత్రి రెండు గంటలకు నీళ్లు తాగడానికి లేస్తే అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. అప్పుడు గుర్తొచ్చింది ఆ రెండో మాట.

ఈ వ్యాసం ఆ తప్పు గురించే. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగు చదవడం నాకు ఇప్పటికీ నెమ్మదే. అందుకే ఇది పండితుడి పాఠం అనుకోకండి. చేతులు కాల్చుకున్నాక నేర్చుకున్న నోట్స్ అనుకోండి.

ఆ తొమ్మిది ప్రశ్నలు ఏమిటి?

మేం తీసుకున్నది పీహెచ్‌క్యూ-9. రాబర్ట్ స్పిట్జర్, జానెట్ విలియమ్స్, కర్ట్ క్రోంకీ తయారు చేశారు. దీన్ని పరీక్షించిన ముఖ్యమైన పేపర్ 2001లో వచ్చింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, అందుకే ప్రపంచమంతా వాడుతోంది. పనుల మీద మనసు పోకపోవడం, దిగులు, నిద్ర, నీరసం, ఆకలి, తన మీద తనకే చిన్నచూపు, ఏకాగ్రత, కదలికల్లో మార్పు, చనిపోతే బాగుండు అనే ఆలోచనలు. ఇవి తొమ్మిది అంశాలు. గత రెండు వారాల్లో ఒక్కొక్కటి ఎంత తరచుగా వచ్చిందో చెప్పాలి. ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. సాధారణంగా 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే “డాక్టరును కలవాలి” అని అర్థం.

ఇది రోగ నిర్ధారణ కాదు, జల్లెడ. నిర్ధారణ చేసేది మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడే డాక్టరు.

ఇంగ్లీషులో ఇది పనిచేస్తుందని ఎలా తెలిసింది? అమెరికాలో సుమారు 6,000 మంది పేషెంట్ల చేత నింపించారు. వాళ్లలో 580 మందితో మానసిక ఆరోగ్య నిపుణులు విడిగా మాట్లాడారు. నిపుణుల మాటనూ ఫారం స్కోరునూ పక్కపక్కన పెట్టి చూశారు. అంటే మెషీన్ లెర్నింగ్‌లో మనం చేసే పనే. నిపుణుల ఇంటర్వ్యూ గ్రౌండ్ ట్రూత్, ఫారం మోడల్. కటాఫ్ 10 దగ్గర సెన్సిటివిటీ 88 శాతం, స్పెసిఫిసిటీ 88 శాతం వచ్చాయి.

ఆ 88 ఆ ఇంగ్లీషు ప్రశ్నలది, ఆ మనుషులది. భాష మారిస్తే ఇన్‌పుట్ మారినట్టే. ఒక భాష డేటా మీద టెస్ట్ చేసిన మోడల్‌ను ఇంకో భాషలో టెస్ట్ చేయకుండా డిప్లాయ్ చేస్తే మన ప్రొఫెసర్లు ఒప్పుకుంటారా? మేం చేసింది అదే.

మొదటి మెట్టు: అనువాదం

మా ఫారంలో మొదటి ప్రశ్నకు ఒక చిన్న హెడ్డింగ్ కావాల్సి వచ్చింది. ఆ రెండు ఇంగ్లీషు మాటల్ని విడిగా యంత్రానికి ఇస్తే “తక్కువ వడ్డీ” అని ఇచ్చింది. అక్కడ ఆసక్తికీ వడ్డీకీ ఒకటే మాట కదా! మేం చూసుకోలేదు. మా నాయన చూశాడు. “తక్కువ వడ్డీ అయితే దిగులెందుకురా, సంతోషమే కదా” అన్నాడు. బోర్లు వేయడానికి అప్పు తెచ్చిన ఇంట్లో ఆ మాటకు నవ్వు ఒక క్షణం ఆలస్యంగా వచ్చింది.

ఇంకోటి, తనను తాను విఫలుడిగా భావించడం గురించిన ప్రశ్న. మేం “ఫెయిల్ అయినట్టు అనిపించడం” అని పెట్టాం. హాస్టల్లో నింపిన జూనియర్ ఒకడు “ఎన్ని బ్యాక్‌లాగ్స్ అనా అన్నా?” అని అడిగాడు. వాడికి ఫెయిల్ అంటే సబ్జెక్టు, జీవితం కాదు. మాట ఒకటే, కొలిచేది వేరే.

ఇలాంటివి పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. తిరుగు అనువాదం. రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో దీని గురించి రాశారు. ఒకరు ఇంగ్లీషు నుంచి తెలుగు చేస్తారు. అసలు ఇంగ్లీషు చూడని ఇంకొకరు ఆ తెలుగును మళ్లీ ఇంగ్లీషు చేస్తారు. రెండు ఇంగ్లీషులనూ పక్కన పెట్టి తేడా చూస్తారు. మనం ఎన్‌కోడ్ చేసి డీకోడ్ చేసి అసలు దానితో పోల్చినట్టే. ఇది చేసి ఉంటే ‘వడ్డీ’ అక్కడే దొరికేది.

కానీ మా అవ్వ తప్పు దొరికేది కాదు. “నిద్ర పట్టకపోవడం - అస్సలు లేదు” అన్నదాన్ని ఇంగ్లీషు తెలిసినవాడు తిప్పి రాస్తే సరిగ్గా అసలుదే వస్తుంది. ఎందుకంటే వాడు కూడా మనలాగే ఇంగ్లీషు ఫారంలు నింపి పెరిగినవాడు. ప్రశ్నలోనే ‘పట్టకపోవడం’ అనే లేమి ఉంది. దాని పక్కన ‘లేదు’ పెడితే రెండు లేముల్నీ కొట్టేసి సున్నాకు రావడం మనకు అలవాటు. అవ్వ చెవికి ‘లేదు’ నేరుగా నిద్రకే తగిలింది. నిద్ర అస్సలు లేదు. ఆమె తెలుగు తప్పు కాదు. మా ఫారం తెలుగే తప్పు.

నరాల బలహీనత: చైనా నుంచి ఒక పాఠం

ఈ సమస్య మన ఒక్కళ్లది కాదని చైనా గురించి చదివితే తెలిసింది. ఆర్థర్ క్లైన్‌మన్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు, మానవశాస్త్రవేత్త కూడా, 1980లో చైనాలోని హునాన్‌లో పనిచేశారు. అక్కడ చాలామందికి డాక్టర్లు ‘షెన్‌జింగ్ ష్వైరువో’ అని రాసేవారు. మాటకు మాట అర్థం నరాల బలహీనత. తలనొప్పి, నిద్రలేమి, కళ్లు తిరగడం, నీరసం అని వచ్చేవాళ్లు. దిగులు అని ఎవరూ ముందుగా చెప్పేవాళ్లు కాదు. ఆయన అలాంటి 100 మందితో వివరంగా మాట్లాడి 1982లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో 87 మందికి అమెరికన్ ప్రమాణాల ప్రకారం డిప్రెషన్ ఉందని తేలింది.

‘నరాల బలహీనత’ అన్న మాట మన బస్టాండ్ గోడల మీద కూడా ఉంటుంది కదా. మా ఊళ్లో కూడా “డిప్రెషన్‌గా ఉంది” అని ఎవరూ అనరు. ఒళ్లంతా నొప్పులు అంటారు. గుండె దడ అంటారు. ఏం తోచట్లేదు, యాష్టగా ఉంది, మనసులో మనసు లేదు అంటారు. ప్రశ్నావళి ఈ మాటల్లో అడగకపోతే జవాబు రాదు. జవాబు రాలేదు కాబట్టి జబ్బు లేదనుకుంటే అది ఇంకా పెద్ద తప్పు.

చైనీస్ విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. చైనీస్ మాట్లాడేవాళ్లు అంటే ఒక గుంపు కాదు. బీజింగ్, హాంకాంగ్, తైవాన్, సింగపూర్. ఒకచోట సరళం చేసిన లిపి, ఇంకోచోట పాత లిపి. మాట్లాడే భాష మాండరిన్ కావచ్చు, కాంటనీస్ కావచ్చు. అందరికీ ఒకే ఆన్‌లైన్ లింకు పంపితే, ఒకే స్థాయి బాధ ఉన్న ఇద్దరికి రెండు చోట్లా ఒకే స్కోరు వస్తుందా అని విడిగా చూడాలి. దీన్ని మెజర్‌మెంట్ ఇన్‌వేరియెన్స్ అంటారు. మన తెలుగుకూ ఇదే వర్తిస్తుంది. దోర్నాల, శ్రీకాకుళం, కరీంనగర్, హ్యూస్టన్. ఫారం మీద ‘తెలుగు’ అని ఒక్క బటన్ పెట్టి వదిలేస్తే కుదరదు.

రెండో మెట్టు: మనుషుల్ని అడగడం

అనువాదం తర్వాత నేరుగా వందమందికి పంపకూడదు. ముందు కొద్దిమందితో కూర్చుని “ఈ ప్రశ్న మీకేమర్థమైంది? ఆ జవాబు ఎందుకిచ్చారు?” అని అడగాలి. దీని పేరు కాగ్నిటివ్ ఇంటర్వ్యూ. డీబగ్గింగ్‌లో మనం మధ్య మధ్యలో ప్రింట్ స్టేట్‌మెంట్లు పెట్టుకుంటాం చూడండి, అలాంటిది. అవుట్‌పుట్ ఒక్కటే కాకుండా లోపల ఏం జరుగుతోందో కనిపిస్తుంది.

నేను మా వీధిలో కొందరిని అలా అడిగాను. డేటా ఏమీ రాసుకోలేదు, ఉత్త మాటలే. రెండు విషయాలు తెలిశాయి.

మా ఊరు నల్లమల అంచున ఉంటుంది. శ్రీశైలం వెళ్లే బస్సులు మా జంక్షన్ దాటాకే అడవి ఎక్కుతాయి. అడవి అంచున చేలున్న రైతులు పంట చేతికొచ్చే రోజుల్లో అడవిపందులకు కాపలాగా చేనికాడే పడుకుంటారు. పడుకుంటారు అని పేరుకే. డబ్బాలు కొడుతూ, కేకలేస్తూ కూర్చుంటారు. ఆ నెలలో నిద్ర ప్రశ్న అడిగితే అందరికీ 3. అది డిప్రెషన్ కాదు, పందులు.

రెండోది ఆకలి. శివరాత్రికి ముందు శివమాల వేసుకున్నవాళ్లు ఒంటిపూట భోజనం చేస్తారు. “తక్కువ తినడం” అన్న ప్రశ్నకు వాళ్లు నిజాయితీగా “ప్రతిరోజూ” అంటారు. అది మనసు కుంగి కాదు, భక్తితో.

అలాగని ఆ ప్రశ్నలు తీసేయకూడదు. ఎందుకంటే అదే ఊళ్లో నిజంగా దిగులుతో నిద్ర పోనివాళ్లు, తిండి మానేసినవాళ్లు కూడా ఉంటారు. చేయాల్సింది మాట సరిచేయడం. “పడుకునే వీలు ఉన్నా నిద్ర పట్టని రాత్రులు ఎన్ని?” అని అడిగితే పంది కాపలా పక్కకు పోతుంది. ‘అస్సలు లేదు’ స్థానంలో “ఒక్కరోజు కూడా ఇలా జరగలేదు” అని పెడితే మా అవ్వ చిక్కు కూడా పోతుంది. అయితే మాట మార్చిన ప్రతిసారీ పరీక్ష మళ్లీ మొదటి నుంచి. కోడ్ మారిస్తే టెస్టులన్నీ మళ్లీ రన్ చేస్తాం కదా, అంతే.

మూడో మెట్టు: విశ్వసనీయత

ఇప్పుడు లెక్కలు. తెలుగు మనోవిజ్ఞానం పుస్తకాల్లో రెండు మాటలు ఉంటాయి. విశ్వసనీయత, సప్రమాణత. మొదటిది, కొలత నిలకడగా ఉందా? రెండోది, కొలవాల్సినదాన్నే కొలుస్తోందా?

నిలకడకు ఎక్కువగా వాడేది క్రోన్‌బాక్ ఆల్ఫా. లీ క్రోన్‌బాక్ 1951లో రాసిన పేపర్ నుంచి ఆ పేరు వచ్చింది. ఆలోచన సింపుల్. తొమ్మిది ప్రశ్నలూ ఒకే విషయాన్ని కొలుస్తుంటే వాటి స్కోర్లు కలిసి పెరగాలి, కలిసి తగ్గాలి. లెక్క ఇలా. ప్రతి ప్రశ్న వేరియెన్స్ కనుక్కుని అన్నీ కూడండి. దాన్ని మొత్తం స్కోరు వేరియెన్స్‌తో భాగించండి. 1లోంచి తీసేయండి. దాన్ని, ప్రశ్నల సంఖ్యను దానికంటే ఒకటి తక్కువతో భాగించగా వచ్చినదానితో గుణించండి. ఉదాహరణకు కొన్ని అంకెలు అనుకుందాం. ప్రశ్నల వేరియెన్స్‌ల మొత్తం 7.2, మొత్తం స్కోరు వేరియెన్స్ 24. భాగిస్తే 0.3. 1లోంచి తీస్తే 0.7. దాన్ని 9/8తో గుణిస్తే 0.79 దాకా వస్తుంది. మామూలుగా 0.7 దాటితే పరవాలేదంటారు.

మా అవ్వలా అర్థం చేసుకున్నవాళ్లు చాలామంది ఉంటే ఏమవుతుంది? బాధ ఎక్కువున్నవాళ్లకు నిద్ర ప్రశ్నలో సున్నా పడుతుంది. మిగతా ప్రశ్నలు పెరుగుతుంటే ఇది తగ్గుతుంది. ఆల్ఫా పడిపోతుంది. ఆ ఒక్క ప్రశ్న తీసేసి మళ్లీ లెక్కిస్తే ఆల్ఫా పెరుగుతుంది. అంటే లెక్క మనకు వేలు పెట్టి ఆ ప్రశ్నను చూపిస్తుంది. ఎందుకు అలా జరిగిందో మాత్రం చెప్పదు. అది తెలియాలంటే మళ్లీ అవ్వ దగ్గరికే వెళ్లాలి.

ఆల్ఫా ఎక్కువుంటే చాలు అనుకోవద్దు. ఒకే ప్రశ్నను తొమ్మిది రకాలుగా అడిగినా ఆల్ఫా బ్రహ్మాండంగా వస్తుంది. మా మార్కాపురం పలక మీద తొమ్మిదిసార్లు ఒకే తప్పు దిద్దినట్టు. అక్షరాలు నిలకడగానే ఉంటాయి, తప్పు తప్పుగానే ఉంటుంది.

నాలుగో మెట్టు: సప్రమాణత

దీనికి దగ్గరి దారి లేదు. శిక్షణ ఉన్న నిపుణులు కొంతమందితో ఇంటర్వ్యూ చేయాలి. ఫారం స్కోరు వాళ్లకు ముందుగా తెలియకూడదు. తర్వాత రెండూ పోల్చి కటాఫ్ ఎక్కడ పెట్టాలో చూడాలి. తెలుగు వెర్షన్‌కు 10 సరిపోతుందా, 8 కావాలా, 12 కావాలా అన్నది ఆ డేటా చెప్పాలి. ఇంగ్లీషు నుంచి కాపీ కొట్టకూడదు.

సరే, 88 శాతం నిజంగానే వచ్చిందనుకుందాం. ఇంకో లెక్క చూడండి, ఇది కూడా అనుకున్న అంకెలతోనే. ఒక కాలేజీలో 1,000 మంది నింపారు. వాళ్లలో 50 మందికి నిజంగా డిప్రెషన్ ఉంది. ఫారం 44 మందిని పట్టుకుంటుంది, ఆరుగురిని వదిలేస్తుంది. మిగతా 950 మందిలో 12 శాతం, అంటే 114 మందికి లేనిది ఉందని చూపిస్తుంది. మొత్తం ఎర్ర రంగు 158 మందికి. అందులో నిజంగా ఉన్నవాళ్లు 44 మంది, అంటే 28 శాతం. మా యాప్ ఆ 158 మందికీ “మీకు డిప్రెషన్ ఉంది” అని రాసేది. నలుగురిలో దాదాపు ముగ్గురికి అబద్ధం చెప్పేది. వదిలేసిన ఆరుగురికి ఆకుపచ్చ రంగు చూపించేది. నాకు ఇప్పటికీ ఆ ఆరుగురి గురించే ఎక్కువ భయం.

ఆన్‌లైన్ అయితే ఇంకేం మారుతుంది?

ఫోను ఎవరి చేతిలో ఉంది అన్నది మారుతుంది. మా నాయన చేత నింపించినప్పుడు ఫోను నా చేతిలో ఉంది. ప్రతి ప్రశ్నకూ “ఏం లేదురా, బాగానే ఉన్నా” అన్నాడు. స్కోరు 0. కొడుకు ఎదురుగా ఏ తండ్రి చెబుతాడు? అదే ఫోను ఆయనకిచ్చి పక్కకు వెళ్దామంటే, చిన్న అక్షరాలు చదవడం ఆయనకు కష్టం. మన ఇళ్లలో ఒక ఫోను ముగ్గురు వాడతారు. బ్రౌజర్ హిస్టరీ ఎవరైనా చూడొచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను ఒక హక్కుగా గుర్తించింది. మా యాప్‌లో పేరు, రోల్ నంబర్ తప్పనిసరి ఫీల్డులు. తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ఇంకా ఉన్నాయి. ఒక్కడే రెండుసార్లు నింపడం. చదవకుండా అన్నిటికీ ఒకే ఆప్షన్ నొక్కుకుంటూ పోవడం. లింకు వాట్సాప్‌లో తిరిగితే చేరేది ఫోనూ డేటా ఉన్నవాళ్లకే. నల్లమల గూడేల్లోని చెంచులకు అది చేరదు. వాళ్లు లేని డేటాతో “మా ప్రాంతంలో” అని రిపోర్టు రాయకూడదు.

బాగా చేసినవాళ్లూ ఉన్నారు. పశ్చిమ గోదావరి గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ అనే ప్రాజెక్టు చేసింది. ఆశా కార్యకర్తలు ట్యాబ్లెట్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి ఇలాంటి ప్రశ్నలు అడిగారు. అవసరమైనవాళ్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి పంపి, మళ్లీ వెళ్లి కనుక్కున్నారు. అక్కడ స్కోరు తర్వాత ఒక మనిషి ఉంది. మా యాప్‌లో స్కోరు తర్వాత గ్రాఫ్ ఉంది. ఇలాంటి పని మన దగ్గర ఇంకా చాలా కావాలి. నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగితే, వాటిలో రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు.

తొమ్మిదో ప్రశ్న

టెక్ ఫెస్ట్‌కు వారం ముందు మా డెమో చూసిన సీనియర్ అక్క ఒకటే అడిగింది. “తొమ్మిదో ప్రశ్నకి ఎవరైనా రాత్రి రెండింటికి ‘ప్రతిరోజూ’ అని నొక్కితే మీ సర్వర్ ఏం చేస్తుంది?”

మా దగ్గర ఉన్న నిజమైన జవాబు, “డేటాబేస్‌లో 3 అని సేవ్ చేస్తుంది.”

ఎవరూ మాట్లాడలేదు. ఆ సాయంత్రమే లింకు తీసేశాం, ఉన్న ఎంట్రీలు డిలీట్ చేశాం. ఫెస్ట్‌లో యాప్ బదులు ఈ తప్పుల పోస్టర్ పెట్టాం. ప్రైజ్ రాలేదు. కానీ ఆ ప్రశ్న అడిగే హక్కు, జవాబు వచ్చాక ఏం చేయాలో తెలిసినవాళ్లకే ఉంటుందని అర్థమైంది. మీలో ఎవరైనా ఇలాంటి ఫారం చేస్తుంటే ముందు ఒక సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో టీమ్‌లోకి తీసుకోండి, ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోండి. కోడ్ ఆ తర్వాత.

ఇది చదువుతున్న మీకు ఆ తొమ్మిదో ప్రశ్న మీ గురించే అనిపిస్తే, ఏ ఫారమూ నింపొద్దు. 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన హెల్ప్‌లైన్. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. లేదా పక్క రూమ్ తలుపు కొట్టండి.

చివరిగా మా ఇంటి సంగతి. మళ్లీ ఊరెళ్లినప్పుడు ఫోను తీయలేదు. నాయనతో పాటు చేనికాడ కాపలాకు వెళ్లాను. “పందులు రాని రోజు కూడా నిద్ర పట్టదా నాయనా?” అని అడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, “రెండో బోరు ఎండినకాడ్నుంచి పట్టట్లేదురా” అన్నాడు. అవ్వను ఇప్పటికే మార్కాపురంలో డాక్టరుకు చూపించాం, కొంచెం నిద్రపోతోంది. వచ్చే వారం నాయనతో వెళ్తాను.

మన క్లబ్ తరఫున చిన్న పని ఒకటి అనుకుంటున్నాం. మీ ఇంట్లో, మీ ఊళ్లో మనసు బాగాలేనప్పుడు వాడే మాటలు రాసి పంపండి. పేర్లు వద్దు, సంగతులు వద్దు, మాటలు చాలు. ఎప్పుడైనా సరైన టీమ్ ఒకటి మంచి తెలుగు ప్రశ్నావళి చేస్తే, వాళ్లకు ముందుగా కావాల్సినవి అవే.